ప్లాస్టిక్‌లో వేషగాడు

వాంకూవర్,
బుధవారం.

సుగుణా, నా తల్లీ,

నీకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేను. సిగ్గుతో చచ్చిపోతున్నానే.

పక్కింటి మోరీగారి గురించి ఫోన్లో చెప్పాను కదా, ఎనభై దాటిన జపాన్ ఆవిడ. మోకాలి ఆపరేషన్‌కి వెళ్తూ, ఇంటి పైకప్పు కారుతోందని ఒక బొమ్మ నాకిచ్చి జాగ్రత్త పెట్టమంది. వాళ్ల కబుకీ నాటకంలో వేషగాడి బొమ్మ. చెక్కమీద చెక్కి కాగితం మీద అచ్చు వేసిన పాతకాలం బొమ్మట. ముఖం నిండా ఎర్రగీతలు, ఉరిమి చూస్తుంటాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడి ప్రభుత్వం జపాన్‌వాళ్ల ఇళ్లూ పడవలూ లాక్కుని క్యాంపులకి తోలినప్పుడు, వాళ్ల నాన్న దాన్ని చొక్కా లోపల దాచుకుని కాపాడాడట.

కాగితం చూస్తే ఉల్లిపొరంత పల్చన. అంచుల్ని పురుగులు కొట్టేశాయి. నా పసుపు చేతులు తగిలితే ఏం గతి అనిపించింది. అపురూపమైనదేది దొరికినా మనం చేసే పని ఒకటేగా? పెళ్లి శుభలేఖ దగ్గర్నుంచి పదో తరగతి సర్టిఫికెట్ దాకా లామినేషన్! మా అమ్మాయి అనన్య డేకేర్ పిల్లల కార్డుల కోసం కొన్న మెషీన్ ఇంట్లోనే ఉంది. అందులో పెట్టేశాను. తళతళలాడుతూ బయటికొస్తే మురిసిపోయాను కూడా, బుద్ధిలేనిదాన్ని.

అనన్య చూసి నెత్తి కొట్టుకుంది. "అయ్యో అమ్మా! ఇంక దీన్ని ఊడదీయలేం, పేపర్ చిరిగిపోతుంది." కాసేపటికి అదే మళ్లీ, "ఒకే చెక్కతో చాలా ప్రింట్లు తీసేవాళ్లట. ఇదే బొమ్మ ఆన్‌లైన్‌లో ఉంది, ఆర్డర్ చేయనా? ఆవిడకి తేడా తెలీదులే" అంది. సరేనన్నాను. ఆ సరే అన్న దగ్గర్నుంచీ అన్నం సహించడం లేదు. శనివారం ఆవిడ ఇంటికొస్తోంది.

ముఖం చెల్లని
నీ హైమావతి

వాంకూవర్,
మరుసటి నెల, ఆదివారం.

సుగుణా,

రెండు బొమ్మలూ పట్టుకునే వెళ్లాను. కొత్తదొక్కటే ఇద్దామనుకున్నాను. ఆవిడ మంచం మీంచి రెండు చేతులూ చాచేసరికి నావల్ల కాలేదు. రెండూ ఒళ్లో పెట్టి భోరుమన్నాను.

ఆవిడ ప్లాస్టిక్‌దాన్ని చాలాసేపు నిమిరింది. తిట్టలేదు. తిడితే తేలికపడేదాన్ని. "వెలుగు తగిలితే రంగులు పోతాయని నాన్న దీన్ని సొరుగులోంచి తియ్యనిచ్చేవాడు కాదు హైమా. ఆయన పోయాక నేనూ తియ్యలేదు. ఇంక దేనికి భయం? వంటగదిలో తగిలించు" అంది. నా చేతే మేకు కొట్టించింది. కొత్తదాన్ని వెనక్కి పంపేయమంది.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం భోజనానికి పిలుస్తోంది. బొమ్మకి ఎదురుగా ఇద్దరికీ కుర్చీలు వేయించింది. ఆవిడ వాళ్ల నాన్న కబుర్లు చెబుతూ, దాన్ని చూస్తూ తృప్తిగా తింటుంది. నేనింకా కంచంలోంచి తలెత్తలేకపోతున్నానే.

నీ
హైమ