గుండ్రటి అక్షరాల పేపరు

మంగళవారం, ఆగస్టు 2003

ఈ ఉదయం చెత్త తీసుకెళ్లే యాదమ్మ వేలికి కవర్లోని సూది గుచ్చుకుని రక్తం కారింది. సూదులు, పగిలిన ట్యూబ్‌లైట్లు చెత్తలో కలపొద్దు, విడిగా డబ్బాలో పెట్టి ఇవ్వండి అని మెట్ల దగ్గర నోటీసు అంటించింది నేనే, అపార్ట్‌మెంట్ సెక్రటరీని. అందరూ పోగయ్యాక "ఎన్నిసార్లు చెప్పినా వినరా?" అని గట్టిగా అరిచిందీ నేనే.

అది నిన్న నేను ఇన్సులిన్ వేసుకుని, డబ్బా వెతకడానికి బద్ధకించి తెలుగు పేపర్లో చుట్టి పడేసిన సూది.

అందరూ రెండో అంతస్తులో ఉండే నర్సు సలీమా గారి వైపు చూశారు. ఆవిడ తల దించుకుంది. నేను ఊరుకున్నాను.

తర్వాత యాదమ్మ మెట్ల మీద నన్ను ఆపి, ఆ పేపరు ముక్క చేతిలో పెట్టింది.

"నాకు సదువు రాదు సార్. గీ గుండ్రటి అచ్చరాల పేపరు బిల్డింగుల మీ ఒక్కరింటికే వస్తది. మిగిలినోళ్లకు ఉర్దూనే. నలుగుర్ల ఎందుకని సప్పుడు జెయ్యలే."

ఆమె వేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేదు. సలీమా గారి తలుపూ కొట్టలేదు.

వెళ్తూ వెళ్తూ యాదమ్మే అడిగింది. "మీకు షుగరున్నదా సార్? పైలంగ ఉండుండ్రి."