పెన్సిలు చుక్క

తమ్ముడూ,

క్షేమసమాచారాలు తర్వాత, ముందు ఒళ్ళు మండుతున్న సంగతి రాయనీ. బజారు వెనక వీధిలో ఒక కొట్టుగది ఖాళీ అయింది. రెండు మిషన్లు, ఇస్త్రీ బల్ల పట్టేంత గది, వీధి వైపు కిటికీ. ఇరవై రెండేళ్ళుగా మంచం పక్కన మిషను పెట్టుకుని కుడుతున్నదాన్ని, ఆ కిటికీ చూసి మనసు పారేసుకున్నాను. గది అద్దెకిచ్చే ఇంటాయన మూడేళ్ళ పన్ను కాగితాలు అడిగాడు. నువ్వు ఏటా నింపి పెట్టేవే కదా అని ధీమాగా ఇచ్చాను.

ఆయన కళ్ళజోడు సవరించుకుని, "ఏమ్మా, మీకు పనే లేదని ఉందే ఇందులో? తమ్ముడి మీద ఆధారపడి ఉన్నారట. మరి అద్దె కూడా ఆయనే కడతాడా?" అన్నాడు. ఆయన ఒంటి మీది చొక్కా నేను కుట్టిందే.

పన్నుల ఆఫీసులో అడిగితే అసలు సంగతి తెలిసింది. నన్ను పోషిస్తున్నట్టు చూపినందుకు నీ పన్నులో తగ్గింపు వస్తోందట. నువ్వు నన్ను పోషించడమా! నీ చదువు ఫీజులు ఎవరి చేతులు కట్టాయిరా? సూది దిగిన వేలికి గుడ్డ చుట్టుకుని స్కూలు యూనిఫాంలు కుట్టాను. డబ్బు పోతే పోయింది. నా పనిని పనే కాదని రాసి, దాని కింద నా చేతే సంతకం పెట్టించావు, అదీ నా ఏడుపు. పెన్సిలుతో చుక్క పెట్టి, "ఇక్కడ పెట్టక్కా, చదవక్కర్లేదు" అనేవాడివి. నేనూ మిషను మీద నుంచి లేవకుండానే పెట్టేశాను. ఆ తప్పు నాదే.

ఉన్నదున్నట్టు రాసి పంపు. నెలాఖరు దాకా గది ఎవరికీ ఇవ్వనన్నాడు.

నీ అక్క

* * *

తమ్ముడూ,

నీ కవరు అందింది. "నీకు పన్ను పడకూడదనే అలా రాశానక్కా, క్షమించు" అన్నావు. కరిగిపోయాను. కొత్త ఫారంలో వృత్తి దగ్గర దర్జీ అని చూసి కళ్ళు చెమర్చాయి కూడా. కింద చూస్తే ఆదాయం నా సంపాదనలో సగం కూడా లేదు. ఎందుకో అర్థమైంది. నిజం రాస్తే నన్ను పోషిస్తున్నావన్న నీ మాట నిలవదు. సంతకం చోట మళ్ళీ అదే చుక్క.

రబ్బరు పెట్టి చెరిపేశాను.

ఆర్డర్ల పుస్తకాలు సంచిలో వేసుకుని పన్నుల ఆఫీసుకు వెళ్ళాను. దారం, బొత్తాలు, కరెంటు ఖర్చు తీసేసి, మూడేళ్ళదీ నేనే రాశాను. పన్నుకీ జరిమానాకీ కలిపి, రెండో మిషను కోసం దాచినదంతా ఊడ్చుకుపోయింది. కౌంటరులో ఆవిడ "ఎవరు నింపిచ్చారండీ?" అంటే "నేనే" అన్నాను. ముద్ర పడిన నకలు చూసి ఇంటాయన తాళంచెవి ఇచ్చాడు. గదిలో ప్రస్తుతానికి ఒక్క మిషనే, కిటికీ పక్కన.

నీ మీద ఫిర్యాదు ఇవ్వలేదు. కానీ నీ కాగితాలూ నావీ పక్కపక్కన పెట్టిన రోజున వాళ్ళే నిన్ను పిలుస్తారు. అందుకని నీకూ ఒక సవరణ ఫారం తెచ్చి ఇందులో పెట్టాను. నీ మీద ఆధారపడినవాళ్ళ గడిలోంచి నన్ను తీసేశాను. నువ్వు సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో చుక్క పెట్టాను.

నువ్వు మాత్రం చదివి పెట్టు.

అక్క,
దర్జీ