మైకు కూతవెట్టిన రోజు

బాపూ,

ఇయ్యాల నేను చేసిన పని చూస్తే నువ్వు తిట్టేటోనివి. నువ్వు పోయినంక అటకెక్కిన నీ పెండ్లిళ్ల మైకుసెట్టును కరీంనగర్‌ల మా పాలిటెక్నిక్ ల్యాబుకు తీస్కపోయి, పిల్లల ముంగట కావాలని కూతవెట్టించిన!

ఆసిలేటర్ పాఠం మరి, అల తనంతట తనే ఆగకుంట ఎట్ల పుడ్తదో చెప్పేది. స్పీకర్ బాక్సుల నుంచి వచ్చిన సప్పుడు తిరిగి మైకుల పడాలె. సుట్టు తిరిగేటప్పుడు తగ్గినంత యాంప్లిఫైర్ మళ్ల నింపాలె. వాపస్ వచ్చిన అల పాత అలతోని అడుగు కలిపి నడవాలె. గప్పుడే కూత ఆగకుంట నిలుస్తది. గిదంతా మస్తుగ చెప్పిన గని, వాల్యూం ఎంత పెంచినా కూత రాలే.

"మేడం, మైకు ఖరాబైందేమో" అన్నది ఒక పిల్ల.

చూస్తే ఏమున్నది? కూత రావొద్దని నా చిన్నప్పటి సంది నువ్వు నేర్పినట్టే, అలవాటుకొద్ది మైకును బాక్సు ఎనుక పెట్టిన! నవ్వుకుంట ముంగటికి తెచ్చిన. కుయ్యిమని మొదలైంది. పిల్లలు చెవులు మూసుకొని ఒకటే నవ్వుడు.

వాల్యూం తగ్గిద్దామని చెయ్యి పెట్టి ఆగిన. కూత ఇనబడితే చాలు, తినే బువ్వ ఇడిసిపెట్టి "ఎవడ్రా గది?" అనుకుంట ఉరికొచ్చేటోనివి గదా.

గందుకే జరసేపు ఆపలే, బాపూ.