నాలుగంగుళాల లోతు

శుక్రవారం, మూకండపల్లి

గెలిచాను. ఈ ఒక్క మాట రాయడానికే డైరీ తెరిచాను.

కార్మికుల గ్రంథాలయం ముందు నేను ప్లాను గీసి కట్టించిన కొలనులో ఈరోజు నీళ్ళు నింపాం. లోతు నాలుగంగుళాలే, అడుగున నల్ల గ్రానైట్. మధ్యాహ్నం నీళ్ళున్నట్టే తెలియకూడదు, సాయంత్రం అడుగు కనిపించకూడదు. నా డిజైనంతా అదే.

పోయిన నెల మునియప్ప మేస్త్రీ అలవాటు కొద్దీ, బాత్రూముకు ఇచ్చినట్టు దీనికీ నీళ్ళు ఒక పక్కకు జారేలా వాటం ఇచ్చేశాడు. నీళ్ళు పోస్తే ఒక మూల రాయి పొడిగా బయటపడింది. మొత్తం పీకించాను.

"వాటం లేకుండా నేనెప్పుడూ రాయి వేసిందే లేదమ్మా. నాలుగంగుళాల నీళ్ళల్లో ఏం కనిపిస్తాది?" అని మండిపడ్డాడు. అయినా ట్యూబులో నీళ్ళు పట్టి మట్టం చూసుకుంటూ ప్రతి రాయీ మళ్ళీ పరిచాడు.

ఈరోజు పన్నెండింటికి రాతిలోని చుక్కలు కూడా కనిపించాయి. ఐదున్నరకు ఆకాశమంతా అందులోకి దిగిపోయింది. ఊరి చుట్టూ ఉన్న క్వారీ గుంతల్లో దీనికి తలకిందులు, లోతు నీళ్ళు మోకాలి లోతులా కనిపిస్తాయి. మా కొలనులో దిగడం అలవాటైన పిల్లలు అక్కడ కూడా ఇంతే లోతనుకుని దిగితే... హెచ్చరిక బోర్డు పెట్టించాలా?

ఆకాశం అలా దిగినప్పుడే, కొలను మధ్యలో తేలుతున్న సిమెంటు సంచి ముక్క తీయడానికి మునియప్ప వచ్చాడు. అంచున ఆగాడు. పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, పక్కనున్న గ్రంథాలయం గోడ పట్టుకుని, ఒక కాలు మెల్లగా దించాడు. నీళ్ళు చీలమండ దాటలేదు.

"ఆ రాయి పరిచింది నువ్వే కదప్పా!" అన్నాను.

"నేనేనమ్మా. అయినా ఈడ కాలు పెట్టేదానికి భయమైనాది."