వత్తులు రాని ప్రింటర్

29 జూలై 2001, ఆదివారం
ప్రింటర్ వచ్చింది. దాంతోపాటే నాయన ఇంకో సంగతి చెప్పాడు. గిద్దలూరు కాన్వెంట్ స్కూల్లో సిస్టర్ ఒప్పుకున్నారట. ఆరో తేదీ సోమవారం నుంచి ఇంగ్లీష్ టీచర్‌గా చేరాలట. రోజూ మార్కాపురం నుంచి బస్సు. నలభై మంది పిల్లల ముందు నిలబడాలి. నాకు ఇంట్లో నలుగురి ముందే గొంతు పెగలదు.
ఇంట్లోనే కంప్యూటర్ మీద తెలుగు డీటీపీ చేస్తాను, కార్డులు టైపు కొట్టి అచ్చు వేస్తానన్నాను. సరే, పుల్లారావు మామ గృహప్రవేశం కార్డులు శుక్రవారం లోపల వేసి చూపియ్యి, లేకుంటే బస్సెక్కు అన్నాడు నాయన.

31 జూలై
స్క్రీన్ మీద తెలుగు. కాగితం మీద ఇంగ్లీష్ అక్షరాలు, డాలర్ గుర్తులు. నాయన కాగితాన్ని తలకిందులుగా కూడా తిప్పి చూశాడు. ఇది ఏ దేశపోళ్ళ గృహప్రవేశం అమ్మా అన్నాడు. నవ్వలేదు.

1 ఆగస్టు
ఫాంట్ తీసేసి మళ్ళీ ఎక్కించాను. తెలుగు వచ్చింది! వత్తులు మాత్రం రాలేదు. గృహపవేశం. పులారావు. అత్త పేరేమో సీతామహాలక్షి. అప్పుడే మామ రావాలా? చదివి, ఏందమ్మాయ్, పుల్లారావును పులారావు చేసినావు, సగం మనిషినే కొత్తింట్లోకి పంపుతావా అన్నాడు.

సాయంత్రం
వత్తులు రాలేదని వంటింట్లో అమ్మ దగ్గర ఏడ్చాను. పక్కనే కూర్చున్న మా ముసలి జేజికి సరిగ్గా వినపడదు. దేవుడి గూట్లోంచి దూది వత్తుల పొట్లం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. దీనికి ఏడుస్తారా పిచ్చిదానా, ఎన్ని గావాలో తీసుకో, అన్నీ నేను చేసినవే అంది. అమ్మ గోడకు ఆనుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

2 ఆగస్టు
ఒంగోలులో కంప్యూటర్ అమ్మినతనికి ఫోన్ చేశాను. హలో అన్నాడు. పెట్టేశాను.
మళ్ళీ చేశాను. ఈసారి చెప్పగలిగాను. స్క్రీన్ మీద కనపడతాంది గదమ్మా, ఇంకేం గావాల అన్నాడు.

3 ఆగస్టు, శుక్రవారం
ప్రింటర్‌తో వచ్చిన ఇంగ్లీష్ పుస్తకాన్ని నవల చదివినట్టు మొదటి పేజీ నుంచి చదివాను. చివర్లో, చిన్న అక్షరాల్లో ఉంది. ఫాంట్ సరిగ్గా పడకపోతే అక్షరాలను గ్రాఫిక్స్‌గా పంపాలట. అంటే ఇది తెలుగు అని దానికి చెప్పకూడదు. బొమ్మ అని చెప్పాలి. అప్పుడు ఉన్నదున్నట్టు గీస్తుంది.
ప్రింటర్ సెట్టింగుల్లో ఆ మాట పక్కన ఒక్క టిక్కు పెట్టాను.
ప కింద ర వత్తు వచ్చింది. ల కింద ల. క్ష కింద మ. ఒక్కోదాన్నీ వేలితో తాకి చూశాను. ఇంకు వేలికంటింది.
మామ కార్డును దూరంగా పట్టుకుని రెండుసార్లు చదివాడు. మీ అత్త పేరు రేషన్ కార్డులో కూడా ఇంత సక్కగా లేదే అన్నాడు. నాయన లోపలికి వెళ్ళి ఫోన్ చేశాడు. మా అమ్మాయి రాదు సిస్టర్, ఇంట్లో పనుంది అని చెబుతున్నాడు.
పనుంది అన్నాడు.

6 ఆగస్టు, సోమవారం, ఉదయం
గిద్దలూరు బస్సు హారన్ వినిపించింది. దుప్పటి లాక్కుని మళ్ళీ నిద్రపోయాను.