సేవించుచున్నారా

జూన్ 3, సోమవారం

మా దంత వైద్యశాలలో చాట్‌బాట్ ప్రవేశపెట్టారు. దవడ ఎముకలో బిగించే పళ్ల గురించి, అదే ఇంప్లాంట్ల గురించి, రోగులు ఫోన్‌లో అడిగే ప్రశ్నలకు ఇకపై అదే సమాధానమిస్తుంది. వాళ్ల ఆరోగ్య వివరాలు అడిగి ఫారం కూడా నింపుతుంది. రోజూ ఉదయం ఆ సంభాషణలు చదివి సంతకం చేయడం నా పని. పదకొండేళ్లుగా ఆ సమాధానాలు చెప్పినవాణ్ణి నేను. అసిస్టెంటమ్మాయి దానికి చిలక అని పేరు పెట్టింది. మాస్టారూ, మీ కుర్చీ మీద వాలింది, చూసుకోండి అన్నది. నేను నవ్వలేదు.

జూన్ 4

చిలకది బజారు తెలుగు. మీరేమైనా మందులు వాడుతున్నారా అని అడుగుతోంది. ముప్పై తొమ్మిదో ఏట రాత్రి కళాశాలలో చదివి డిగ్రీ తీసుకున్నవాణ్ణి, చూస్తూ ఊరుకోలేను. ‘ప్రస్తుతం తాము ఏవైనా ఔషధములు సేవించుచున్నారా?’ అని మార్చాను. డాక్టరు గారు సరిగా చూడకుండానే ఓకే అన్నారు.

జూన్ 11, మంగళవారం

నిన్నటి సంభాషణల్లో అక్కది ఉంది. నన్ను పెంచిన అక్క. రెండు వీధుల అవతల కూతురి దగ్గర ఉంటుంది. కింది దవడలో రెండు పళ్లు లేవు. ఇంప్లాంట్ వేయించుకుంటే జామకాయ కొరకగలనా అని అడిగింది. నొప్పెడుతుందా అని నాలుగుసార్లు అడిగింది. చిలక నాలుగుసార్లూ విసుక్కోకుండా చెప్పింది. ఔషధముల ప్రశ్నకు మాత్రం, మా ఇంటా వంటా లేదండీ అని రాసింది. అక్క ధోరణే అంత. టిక్ పెట్టి సంతకం చేశాను.

సాయంత్రం వెళ్లి, నేనుండగా దాన్నెందుకు అడిగావన్నాను. నువ్వు మాట మాటా దిద్దుతావురా, అది దిద్దదు అన్నది.

జూన్ 14

అక్కకు ఇంప్లాంట్లు వేశారు. అంతా సక్రమంగా జరిగింది.

జూన్ 30

అక్క కింది పెదవికి మత్తు ఇంకా దిగలేదట.

జూలై 31, బుధవారం

అక్కకు ఇంప్లాంట్లు వేసినచోట పుండు మానలేదు. ఎక్స్‌రేలో దవడ ఎముక కొంత మేర చచ్చిపోయి కనిపించింది. డాక్టరు గారు గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది: ఎముకల బలానికి అక్క ఆరు నెలలకోసారి ఇంజెక్షన్ చేయించుకుంటోంది. నాలుగేళ్లుగా. అది తీసుకునేవారి దవడ మీద ఇంత తేలిగ్గా చెయ్యి వేయకూడదు. ఫారం తీయించారు. ‘లేదు’ అని ఉంది. కింద నా సంతకం. ఆవిడ చెప్పే ఉంటారు, యంత్రమే తప్పు ఎక్కించి ఉంటుందన్నారు డాక్టరు గారు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను.

ఆ ఇంజెక్షన్ సంగతి నాకూ తెలియదు. నాలుగేళ్లు.

ఆగస్టు 1

చిలకను అమ్మిన కంపెనీవాళ్లతో కాల్. మీ చిలకను మీరే పట్టుకుపోండని డాక్టరు గారు అరిచారు. అవతలివాళ్లు క్షమాపణ చెప్పారు. ప్రశ్న రాసిందెవరని ఎవరూ అడగలేదు. మినిట్స్ నేనే రాశాను. అక్షరదోషాలు లేవు.

ఆగస్టు 2, మధ్యాహ్నం 2

ఆ ప్రశ్న తప్పు అని చిలకకు టైప్ చేశాను. క్షమించండి, పొరపాటు నాదే అని వెంటనే వచ్చింది. నీది కాదు అన్నాను. మన్నించండి, ఇకపై జాగ్రత్తగా ఉంటాను అన్నది.

ఆగస్టు 4, ఆదివారం

అక్కకు చెప్పేశాను. ఆ మందుల ప్రశ్నలో మాటలు యంత్రానివి కావు, నావి.

సేవించడమంటే తాగడం కాదట్రా? అన్నది అక్క. రోడ్డు పక్క బోర్డుల మీద మద్యం సేవించరాదు అని ఉంటుంది కదా అన్నది. ఔషధమంటే మందే కదా, మందు సేవిస్తావా అంటే నేనింకేమనుకోనురా, పళ్ల డాక్టరుకి నా తాగుడు గోలెందుకా అనిపించింది, పెద్దవాళ్లు, ఏదో అవసరం ఉండే అడిగారులే అనుకుని ఇంటా వంటా లేదని రాసేశా అన్నది. అని నవ్వింది. తాగుతున్న టీ కింది పెదవి మీంచి గడ్డం దాకా కారింది. ఆమెకు తెలియలేదు. నేను తుడిచాను. అదీ తెలియలేదు.

ఆగస్టు 5

ప్రశ్న రాసినది నేనేనని డాక్టరు గారికి ఉత్తరం ఇచ్చాను. ప్రశ్న మార్చాను: మాత్రలు, ఇంజెక్షన్లు, ఏం వాడుతున్నా చెప్పండి.

నా కింది పెదవిని కొరికి చూసుకున్నాను. తెలుస్తోంది.