మంచు చెప్పులకు తాళం

డెలివరెన్స్ అక్కా,

మాకు అన్యాయం చేసినవాడు అడవుల్లో పోరాడే మా రేంజర్ల దళం కెప్టెన్ లడ్లో. ఫ్రెంచివాళ్లతో పోరాడతామని మేం రాసిచ్చిన ఏడాది గడువు మంగళవారంతో తీరింది. ఇళ్లకు పోతామంటే, మంచులో దిగబడకుండా నడిచే మా వెడల్పాటి చెప్పులన్నీ గదిలో పడేసి తాళం వేశాడు. బయట నడుములోతు మంచు. "కోట తలుపు తీసే ఉంది, వెళ్లండ్రా వీరుల్లారా!" అని నవ్వాడు. గడువు తీరినవాణ్ణి ఆపడం బానిసత్వమేనని అచ్చువేసిన కరపత్రమొకటి నా దగ్గరుంటే చదివి వినిపించాను. "అది కాళ్లకు కట్టుకుని నడువు" అన్నాడు.

కోట గోడెక్కితే మన ఊరి పొగ కనిపిస్తుందక్కా. అందులో నీ పొయ్యి పొగ ఏదా అని రోజూ వెతుక్కుంటున్నాను.

ఈ ఉత్తరం తెచ్చిన మొహికన్ తెగ వేగువాడికి వేడిగా ఏమైనా పెట్టు. అతని చెప్పులు ముట్టుకునే ధైర్యం లడ్లోకి లేదు.

ఇంటింటి మంచు చెప్పులూ మోసుకుని కోటకు రండి. నాకు గోడ మేకుకు వేలాడే నాన్న జత తే. ఆదివారం ప్రసంగమయ్యాక, సరిగ్గా రెండింటికి, మన ఊరి ప్రార్థన మందిరం ముందు అందరూ చేరి బయల్దేరండి.